సూదికి ముందు రెండు నిమిషాలు: ఎన్‌ఐసీయూలో మా పాపతో నా అనుభవం

మా పాప 31 వారాలకే పుట్టింది, బరువు 1,350 గ్రాములు. నాకు ఎన్ని మందులు వేసినా బీపీ దిగకపోయేసరికి ఇంక ఆగితే ఇద్దరికీ ప్రమాదమని ఆపరేషన్ చేసి తీసేశారు. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల గురించి రాసేవాళ్లు బరువు గురించి రాస్తారు, పాల గురించి రాస్తారు, బిల్లుల గురించైతే ఇంక చెప్పక్కర్లేదు. నేను రాసేది ఒక్క విషయమే. సూది గుచ్చేటప్పుడు, ముక్కులోంచి గొట్టం వేసేటప్పుడు, ప్లాస్టర్ పీకేటప్పుడు ఆ పిల్లకి నొప్పి తగ్గించడానికి ఏమేం చేస్తారు, పక్కన తల్లో తండ్రో ఉంటే వాళ్లేం చెయ్యొచ్చు అని. మా ఆడపడుచుకి ఇప్పుడు ఏడో నెల, కవలలు, కాన్పు ముందే అవ్వొచ్చని డాక్టరు అన్నారంట, తనకి ఫోన్లో ఇదంతా చెప్తుంటే గంట పైనే పట్టింది, సరే రాసి పెడితే ఇంకొకళ్లకి కూడా పనికొస్తుంది కదా అని కూర్చున్నా.

ఎన్‌ఐసీయూలో, అంటే ఇట్టాంటి పసిపిల్లల్ని ఉంచే ఐసీయూలో, సూదులు ఎన్ని ఉంటాయో బయటివాళ్లకి అస్సలు తెలీదు. పుట్టగానే విటమిన్ కె ఇంజెక్షన్. సెలైన్ ఎక్కించడానికి చేతి నరంలో ఉంచేసే సన్నటి గొట్టం, కాన్యులా అంటారు, అది వాచిపోతే ఇంకో చెయ్యి, ఆ తర్వాత కాలు. షుగర్ పడిపోతుందేమోనని మొదటి రోజుల్లో కొన్ని గంటలకోసారి మడమ మీద గుచ్చి చుక్క రక్తం తీస్తారు. కామెర్లు కనపడితే బిలిరుబిన్ కోసం మళ్లీ రక్తం, ఇన్ఫెక్షన్ అనుమానమొస్తే సీఆర్‌పీ అని, కల్చర్ అని ఇంకోసారి. పాలు పోయడానికి పొట్టలోకి గొట్టం, ఊపిరి కోసం ముక్కులోకి గాలి నెట్టే సీప్యాప్, అవి జారిపోకుండా బుగ్గల మీద ప్లాస్టర్లు. ఇందులో ఏ ఒక్కటీ వద్దనడానికి లేదు, అన్నీ ప్రాణం నిలబెట్టేవే. అందుకే "ఎందుకు గుచ్చుతున్నారు" అని గొడవపడ్డం వల్ల ఉపయోగం లేదు, "ఎట్టా గుచ్చుతున్నారు" అని అడగడంలోనే ఉంది అంతా.

ముందు మేమున్నది మా ఊరి దగ్గర ఒక చిన్న ఆసుపత్రి, పేరొద్దులెండి. అక్కడ పద్ధతేంటంటే సూది టైముకి తల్లిదండ్రుల్ని బయటికి పంపేస్తారు. "మీరు చూడలేరమ్మా, బయట కూర్చోండి" అంటారు, మంచి మనసుతోనే అంటారు, కాదనను. అద్దంలోంచి నాకు కనపడింది నర్సు వీపు, ఆ పక్కనుంచి వార్మర్ మీద తన్నుకుంటున్న రెండు కాళ్లు, అంతే. నెలలు తక్కువ పిల్ల ఏడుపు మామూలు పిల్లల ఏడుపులా గది దద్దరిల్లేట్టు ఉండదు, సన్నగా కీచుమంటుంది, మానిటర్ల మోతలో అది కూడా కలిసిపోద్ది. తర్వాత అడిగితే "ఇంత చిన్న పిల్లలకి నొప్పి అంతగా తెలీదమ్మా, నరాలు ఇంకా తయారవ్వలేదు కదా" అన్నారొకరు. నాకు ఆ మాట ఎక్కలేదు. తెలీకపోతే కాలెందుకు లాక్కుంటుంది చెప్పండి?

ఊపిరి కష్టం ఎక్కువైందని అక్కణ్ణుంచి గుంటూరు పంపించారు. నా కుట్లు ఇంకా పచ్చిగానే ఉన్నై, మా ఆయన వీల్‌ఛైర్లో తోసుకొచ్చి ఎన్‌ఐసీయూ గుమ్మం దగ్గర ఆపాడు, లోపల్నుంచి ఒక పెద్ద సిస్టర్ వచ్చి "చేతులు మోచేతుల దాకా కడుక్కుని రామ్మా, పిల్లకి షుగర్ చూడాల, నువ్వు పట్టుకోవాల" అంది. నేను పట్టుకోవడమేంటి, నేను చూడలేను అన్నా. "నువ్వు సూది వంక చూడబాక, పిల్ల మొహం చూడు" అంది. ఆవిడది పల్నాడు యాస, మాట కొంచెం కటువు, పని మాత్రం బంగారం.

ఇంక్యుబేటర్ పక్క కిటికీల్లోంచి నా రెండు చేతులూ లోపలికి పెట్టించింది. ఒక చెయ్యి తల చుట్టూ ఆనించమంది. రెండో చేత్తో కాళ్లు రెండూ మోకాళ్ల దగ్గర మడిచి పొట్ట వైపు తెచ్చి, అరికాలు నా అరచేతికి ఆనేట్టు పట్టుకోమంది, గుచ్చాల్సిన మడమ ఒక్కటి బయటికి వదిలి. పాప చేతులు తనే సర్ది మూతి దగ్గరికి తెచ్చింది. "బిగించబాక, కదిలితే కదలనియ్, నీ చెయ్యి మాత్రం తియ్యబాక. కడుపులో ఎట్టా ముడుచుకుని ఉంటదో అట్టా ఉండాల" అంది. తర్వాత సూది లేని సిరంజిలో నా ముర్రుపాలు, నేను పొద్దున పిండిచ్చినవి, రెండు చుక్కలు నాలుక మీద వేసింది. వేసి గోడ గడియారం వంక చూసింది. "రెండు నిమిషాలు ఆగాల."

ఆ రెండు నిమిషాలు ఆవిడ ఊరికే నిలబడింది. అవతల ఇంకో పిల్లాడి మానిటర్ మోగితే ఇంకో సిస్టర్‌ని కేకేసి పంపించింది కానీ తను కదల్లేదు. తర్వాత మడమ పక్క భాగంలో, మధ్యలో కాదు పక్కన, స్ప్రింగ్ లాన్సెట్ టక్‌మని కొట్టింది. పాప కనుబొమ్మల మధ్య ముడత పడింది, కళ్లు గట్టిగా మూసేసింది, నోరు తెరిచి ఒక్క కీచు, ఇంకేముంది ఇప్పుడు మొదలవుద్ది అని నేను బిగుసుకుపోయా, ఈలోపు నాలుక బయటికి పెట్టి చప్పరించింది. ఇంకోసారి చప్పరించింది. కాలు నా చేతిలో ఒకసారి గట్టిగా తన్ని మళ్లీ ముడుచుకుంది. మానిటర్ మీద గుండె 190కి ఎగిరి మెల్లగా 150ల్లోకి దిగింది. అద్దం అవతల్నుంచి చూసినప్పుడు తన్నుకుంటూనే ఉన్న కాళ్లు ఇవేనా అనిపించింది నాకు. చెయ్యి తియ్యబోతే "అప్పుడేనా, నంబరు దిగి నిలబడిందాకా ఉండు" అని కసిరింది.

దీన్ని వాళ్లు టకింగ్ అంటారు. ఖర్చు లేదు, మిషన్ లేదు, మందు లేదు. కావాల్సింది రెండు చేతులు, రెండు నిమిషాలు. ఆ రెండోదే ఎన్‌ఐసీయూల్లో దొరకదు, ఒక్కో నర్సుకి ఎంతమంది పిల్లలుంటారో మీరూ చూసే ఉంటారు. అందుకే తల్లి బయట కూర్చోవడం కన్నా లోపలుంటే నయం అని నేనంటా. మీరుంటే నర్సు రెండు చేతులూ పనికి ఖాళీగా ఉంటాయి, పిల్లకి పట్టుకునే మనిషి ఉంటారు. చేతులు సరిగ్గా కడుక్కుని, గాజులు ఉంగరాలు తీసేసి వెళ్లాలి, అది మాత్రం కచ్చితం. చూడలేని తల్లులు ఉంటారు, వాళ్లని బలవంతం చెయ్యకూడదు, వాళ్ల బదులు నాన్నో అమ్మమ్మో ఉండొచ్చు.

మడమ గురించి ఒక మాట. గుచ్చడం కన్నా తర్వాత రక్తం కోసం పిసకడం ఎక్కువ నొప్పి, ఇది పక్కన నిలబడి చూస్తేనే అర్థమవుద్ది. చుక్క చాలే షుగర్ టెస్టుకి పర్లేదు, ఎక్కువ రక్తం కావాలంటే మడమ పిసికే కన్నా చెయ్యి తిరిగిన వాళ్లు నరంలోంచి తీస్తేనే పిల్లకి నొప్పి తక్కువంట. మా దగ్గర ల్యాబ్‌కి పంపాల్సినవన్నీ ఒక్కసారే కలిపి తీసేవాళ్లు. పొద్దున ఒకటి, మధ్యాహ్నం గుర్తొచ్చి ఇంకోటి అని కాకుండా. ఇది మీరు అడగొచ్చు, "ఈ రోజు ఇంకేమైనా టెస్టులున్నాయా మేడం, అన్నీ కలిపి ఒకేసారి తీస్తారా" అని మెల్లగా అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు.

నరాలు తయారవ్వలేదు అన్న మాట నా బుర్రలో తిరుగుతానే ఉంది, ఒకరోజు రౌండ్స్‌లో పిల్లల డాక్టరు మేడంని అడిగేశా. ఆవిడ చెప్పింది తిరగబడి ఉంది. నొప్పిని పైకి మోసే దారులు ఈ పిల్లలకి అప్పటికే ఉంటాయంట, ఆ నొప్పిని మెదడు నుంచి కిందకి అణిచే ఏర్పాటే ఇంకా సరిగ్గా రాలేదంట. అంటే నెలలు తక్కువైన కొద్దీ నొప్పి తక్కువ కాదు, ఇంకా ఎక్కువే అయ్యుండొచ్చు. పైగా మళ్లీ మళ్లీ గుచ్చిన చోట చర్మం ఎంత సున్నితమైపోద్దంటే తర్వాత డైపర్ మార్చినా ఉలిక్కిపడతారంట. మరి ఏడవరేంటి అంటే, ఏడవడానికి ఓపిక ఉండాలి కదమ్మా అంది. బాగా చిన్నపిల్లలు, జబ్బుగా ఉన్నవాళ్లు, నొప్పికి ఏడవకుండా మెతకబడిపోతారు, ఊపిరి ఆపేస్తారు, ఆక్సిజన్ పడిపోద్ది. నిశ్శబ్దంగా ఉంది కాబట్టి హాయిగా ఉంది అనుకోకూడదు.

ఈ నొప్పి తెలీదు అన్న నమ్మకం మన ఊళ్లదే అనుకునేరు, ప్రపంచమంతా ఉండేదంట. 1980ల దాకా అమెరికాలో, ఇంగ్లండులో కూడా నెలలు తక్కువ పిల్లలకి పెద్ద ఆపరేషన్లు సైతం సరైన మత్తు లేకుండా, కదలకుండా ఉండే మందు మాత్రం ఇచ్చి చేసిన సందర్భాలు ఉన్నాయి. చిన్న ప్రాణం, మత్తు తట్టుకోలేదు అని భయం ఒకటి, నొప్పి ఎట్టాగూ తెలీదని ఒకటి. దాన్ని మార్చినవాళ్లలో ముఖ్యుడు మన దేశం వాడే, కె.జె.ఎస్. ఆనంద్ అని, ఇండోర్‌లో ఎంబీబీఎస్ చదివి ఆక్స్‌ఫర్డ్ వెళ్లాడు. ఆపరేషన్ థియేటర్ నుంచి తిరిగొచ్చే పిల్లలు ఎందుకింత చెడిపోయి వస్తున్నారు అని ఆయనకి అనుమానం. గుండె దగ్గర తెరుచుకుని ఉండిపోయిన రక్తనాళాన్ని మూసే ఆపరేషన్‌లో కొందరు పిల్లలకి మామూలుగా ఇచ్చేవాటితో ఫెంటానిల్ అనే గట్టి నొప్పి మందు కలిపి, కొందరికి అది లేకుండా మామూలువే ఇచ్చి, రక్తంలో ఒత్తిడి హార్మోన్లు కొలిచి చూస్తే ఫెంటానిల్ ఇచ్చిన పిల్లలకి ఆ హార్మోన్లు తక్కువ, తర్వాత వచ్చే చిక్కులూ తక్కువ. 1987లో అచ్చయింది అది. నేను పుట్టింది ఆ తర్వాతే. నాకు ముందు పుట్టిన నెలతక్కువ పిల్లలు ఏం పడ్డారో అనుకుంటే కడుపులో దేవినట్టయింది.

ఇప్పుడు మార్కుల చార్టు ఉంది. పీఐపీపీ అంటారు, కనుబొమ్మల ముడత, కళ్లు బిగించడం, ముక్కు పక్కన గీత, గుండె వేగం, ఆక్సిజన్, వీటన్నిటికీ మార్కులు. అందులో నాకు నచ్చింది, పిల్లకి ఎన్ని వారాలో కూడా లెక్కలోకి తీసుకుంటారు, ఎందుకంటే బాగా చిన్నపిల్ల మొహంలో చూపించేది తక్కువ కదా, ఆ తక్కువని తక్కువ నొప్పి అనుకోకుండా. నేను చార్టు నేర్చుకోలేదు కానీ కనుబొమ్మలు చూడ్డం మాత్రం వచ్చేసింది. ఇప్పటికీ మా పాప ఏడ్చే ముందు నేను చూసేది అక్కడే.

ఇంక తీపి సంగతి. నా పాలు లేనప్పుడో సరిపోనప్పుడో, లేకపోతే కొంచెం పెద్ద పని ఉన్నప్పుడో, 24 శాతం సుక్రోజ్ ద్రావణం, అంటే పంచదార ద్రావణమే, చుక్కలు వేసేవాళ్లు. కొన్నిచోట్ల 25 శాతం డెక్స్‌ట్రోజ్ వాడతారు. ఇది పొట్టలోకి వెళ్లి పనిచేసేది కాదు, నాలుకకి తీపి తగలాలి, గొట్టంలోంచి పోస్తే ఉపయోగం లేదు. తీపి తగిలిన రెండు నిమిషాలకి పట్టు దొరుకుద్ది, కొన్ని నిమిషాలు ఉంటది, ఆ లోపలే పని కానివ్వాలి. దాంతోపాటు చప్పరించడానికి ఏదన్నా ఉంటే ఇంకా మంచిది, గ్లవ్ వేసుకున్న వేలో, తర్వాత తర్వాత పాలు పిండేసిన రొమ్మో. డాక్టరు రాసి, ఎన్ని చుక్కలో రోజుకి ఎన్నిసార్లో షీట్‌లో ఎక్కించి ఇచ్చేది అది, ఏడ్చినప్పుడల్లా వేసేది కాదు.

ఇది విని మా అత్తయ్య గారు "మేము దూది పంచదార నీళ్లలో ముంచి పెట్టేవాళ్లం, ఇదేగా మీ డాక్టర్లు కనిపెట్టింది" అన్నారు, నవ్వొచ్చింది, ఒకరకంగా నిజమే కూడా. మర్నాడు చిన్న సీసాలో తేనె పట్టుకొచ్చారు, పంచదార కన్నా తేనె మంచిది కదా అని. సిస్టర్ మర్యాదగానే "తేనె మాత్రం ఏడాది నిండేదాకా నాకించబాకండి పెద్దమ్మా, దాంట్లో ఉండే ఒక క్రిమి పసిపిల్లల నరాల్ని పడేస్తది" అని చెప్పి వెనక్కి పంపింది. అత్తయ్య కొంచెం చిన్నబుచ్చుకున్నారు కానీ తేనె ఇంట్లో ఉప్మా పక్కనే అయిపోయింది. ఆ పంచదార నీళ్లు కూడా ఇంట్లో కలిపి పట్టకండి, ఆసుపత్రిలో వాడేది శుభ్రంగా తయారుచేసిన మందు లెక్క.

నొప్పి ఒక్కటే కాదు, అక్కడి మోత, వెలుతురు, ఊరికే ముట్టుకోవడం కూడా పిల్లల్ని అలసిపోయేట్టు చేస్తాయి. లోపల శబ్దం 45 డెసిబెల్స్ దాటకూడదంటారు, అది మామూలుగా మాట్లాడుకునే మాట కన్నా తక్కువ, ఇంక ఇంక్యుబేటర్ తలుపు దబ్బున వేస్తే లోపలున్న పిల్లకి ఎట్టా ఉంటదో ఆలోచించండి. మా సిస్టర్ ఎవరన్నా దాని మీద ఫైలు పెడితే ఊరుకునేది కాదు. పైన మందపాటి గుడ్డ కప్పేవాళ్లు, రాత్రి రాత్రిలా ఉండటానికి. నేనేమో వెళ్లిన ప్రతిసారీ పాప వీపు వేలితో నిమిరేదాన్ని, ప్రేమ ఆగదుగా, పాప వేళ్లన్నీ విడిపోయి చాపేసేది, ఎక్కిళ్లు వచ్చేవి. అవి ఇంక చాలు అనడమంట. ఇంత చిన్నపిల్లల చర్మానికి తేలిగ్గా నిమరడం చిరాకు, వెచ్చటి అరచెయ్యి కదలకుండా ఆనిస్తే హాయి. అమ్మమ్మలకి ఇది చెప్పడం మహా కష్టం.

సీప్యాప్ తీసేసి ఆక్సిజన్ గొట్టం మీదకి వచ్చాక కేఎంసీ, అంటే కంగారూ మదర్ కేర్, మొదలెట్టారు. కంగారూ కేర్ అంటే బరువు పెరగడానికి, వేడి కోసం అనే నాకు తెలుసు. 1978లో కొలంబియా దేశం బొగోటాలో ఎడ్గర్ రే అనే డాక్టరు ఇంక్యుబేటర్లు చాలక తల్లుల గుండెలకే కట్టించి మొదలెట్టిన పద్ధతి ఇది. ఇప్పుడైతే ఇంక్యుబేటర్ ఉన్నా సరే ఇదే ముందు అంటున్నారు, మన దేశంతో కలిపి ఐదు దేశాల్లో చేసిన పరీక్షలో పుట్టగానే మొదలుపెడితే చనిపోయే పిల్లలు తగ్గారని 2021లో తేలింది. నాకు తెలీనిదేంటంటే ఇది నొప్పికి కూడా మందే. పాపని ఒంటి మీద డైపరు, టోపీ, సాక్సులతో నా రొమ్ముల మధ్య నిలువుగా పడుకోబెట్టి పాత కాటన్ చీర ముక్కతో చుట్టి, పావుగంట అట్టా ఉన్నాక, ఒక్క కాలు చీరలోంచి బయటికి లాగి మడమ గుచ్చేవాళ్లు. కొన్నిసార్లయితే పాప నిద్ర కూడా పూర్తిగా లేవలేదు, మొహం నా వైపు రుద్దుకుని మళ్లీ పడుకుంది. సిస్టర్‌కి కింద స్టూలు వేసుకుని కూర్చుని చెయ్యాల్సి వచ్చేది, నడుం నొప్పి అని తిట్టుకుంటానే చేసేది.

మా ఆయన కూడా చేశాడు. మొదట సిగ్గుపడ్డాడు, చొక్కా విప్పి అంతమంది సిస్టర్ల మధ్య కూర్చోవడమేంటని. తర్వాత ఆఫీసు అవ్వగానే వచ్చి రాత్రి షిఫ్టు తనదే అన్నట్టు కూర్చునేవాడు, అంత వెడల్పు ఛాతీ మీద పాప ఆనవాలు కూడా దొరికేది కాదు.

అన్నీ ఇట్టా సాఫీగా జరిగినై అనుకోకండి. ఒకరోజు యాంటీబయాటిక్ కోసం కాన్యులా పెట్టాలి, అప్పటికే చేతులు కాళ్ల మీద నరాలన్నీ అయిపోయినై. కొత్తగా వచ్చిన జూనియర్ డాక్టరు ఒకసారి, దొరకలేదు, ఇంకోసారి, దొరకలేదు. ఆ రోజు సుక్రోజ్ వేసినా, నేను పట్టుకున్నా పాప ఆగలేదు, రంగు మారింది, ఆక్సిజన్ 80కి దిగింది. తీపి, ముడిచి పట్టుకోవడం, ఇవి నొప్పిని తగ్గిస్తాయి, పోగొట్టవు, ఇది కూడా తెలిసుండాలి. ఆ యూనిట్‌లో రూలేంటంటే ఒకళ్లు రెండుసార్లు ప్రయత్నించి కాకపోతే ఆపి ఇంకొకళ్లని పిలవాలి, పిల్ల తేరుకోవాలి. ఆ అమ్మాయి అదే చేసింది, సూది కింద పెట్టేసి "సారీ అమ్మా, కాసేపాగుదాం" అంది, ఆమె చేతులు కూడా వణుకుతున్నై పాపం. అరగంట తర్వాత సీనియర్ వచ్చి టార్చిలైటు లాంటిది అరచేతి కింద పెట్టి నరం వెతికి ఒక్కసారికే పెట్టాడు. అది ముందే తేవచ్చుగా అని నాకు ఒళ్లు మండింది, పైకి అనలేదు. ప్లాస్టర్లు తీసేటప్పుడు మాత్రం అప్పట్నుంచి నేనే సెలైన్ దూదితో తడిపి మెల్లగా నానబెట్టేదాన్ని, ఎండుప్లాస్టర్ పీకితే ఈ పిల్లలకి చర్మమే లేచొస్తది.

నిజంగా పెద్ద పనులకి, ఊపిరి గొట్టం వెయ్యడానికో ఆపరేషన్‌కో, ఈ చుక్కలూ చేతులూ సరిపోవు, ఫెంటానిల్, మార్ఫిన్ లాంటి మందులే కావాలి, అవి డాక్టర్లు చూసుకుంటారు. మాకు అంతదాకా రాలేదు. మాకు వచ్చింది కంటి పరీక్ష.

మన దేశంలో 34 వారాల లోపు పుట్టినా, 2 కిలోల లోపు ఉన్నా పుట్టిన నెల రోజులకల్లా రెటీనా చూపించాలి, ఇంకా చిన్నవాళ్లయితే అంతకన్నా ముందే. ఆర్‌ఓపీ అంటారు, రెటీనాలో రక్తనాళాలు పక్కదారి పట్టి పెరిగే జబ్బు, టైముకి పట్టుకుంటే లేజర్‌తో కాపాడొచ్చు, దాటిపోతే చూపు పోద్ది. కాబట్టి చేయించకుండా ఉండే ప్రశ్నే లేదు. అయినా మడమ సూదులన్నీ ఒక ఎత్తు, ఇదొక ఎత్తు.

ముందు కంటిపాప పెద్దదవ్వడానికి చుక్కలు, కొన్ని నిమిషాలకోసారి. కక్కకుండా పాలు కాస్త ముందే ఆపేశారు. కంటి డాక్టరు తలకి లైటు కట్టుకుని వచ్చారు, కంట్లో మొద్దుబారే చుక్క వేశారు, తర్వాత రెప్పలు మూసుకోకుండా సన్నటి తీగ క్లిప్పు పెట్టి, ఇంకో చిన్న పరికరంతో కనుగుడ్డుని పక్కల నుంచి నొక్కి తిప్పుతూ అంచుల దాకా చూస్తారు. మొద్దుబారే చుక్క వేసినా ఆ నొక్కుడు, ఆ వెలుతురు పిల్లకి భరించరానిది. సిస్టర్ ముందే మెత్తటి గుడ్డలో చేతులు లోపలికి పెట్టి గట్టిగా చుట్టేసింది, సుక్రోజ్ చుక్కలు వేసి రెండు నిమిషాలు ఆగి, గ్లవ్ వేలు నోట్లో పెట్టింది, నేను తల రెండు పక్కలా అరచేతులతో పట్టుకున్నా. డాక్టరు మధ్యలో ఒకసారి ఆగారు, ఒక కన్ను అయ్యాక, "ఊపిరి తీసుకోనివ్వండి, ఇంకో రెండు చుక్కలు వెయ్యండి" అన్నారు. ఆయన మీద గౌరవం అక్కడే పెరిగింది నాకు, బయట ఇంకా ఎంతమంది ఎదురుచూస్తున్నారో చూశా కాబట్టి. పాప ఏడ్చింది, బాగానే ఏడ్చింది, రెండో కన్ను అయ్యి క్లిప్పు తియ్యగానే నా మీద వేసుకుని చీర చుట్టేశాను, గదిలో లైటు తగ్గించారు, కంటిపాపలు విప్పారి ఉంటాయి కదా వెలుతురు ఓర్చుకోలేరు. ఆ రోజంతా ఊపిరి ఆపేస్తుందేమోనని మానిటర్ కనిపెట్టి చూశారు. రక్తనాళాలు ఇంకా అంచు దాకా రాలేదు, జబ్బు లేదు, రెండు వారాల తర్వాత మళ్లీ చూపించండి అన్నారు.

ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఎస్‌ఎన్‌సీయూల్లో, అంటే అక్కడి పసిపిల్లల ప్రత్యేక వార్డుల్లో, ఉన్నవాళ్లకి ఒక మాట. తల్లిదండ్రుల్ని లోపలికి రానిచ్చి పిల్ల పనుల్లో కలుపుకోవాలని కేంద్ర ఆరోగ్య శాఖ 2017లోనే మార్గదర్శకాలు ఇచ్చింది, ఫ్యామిలీ పార్టిసిపేటరీ కేర్ అని. కాబట్టి లోపలికి వస్తా అని అడగడం మీరేదో గొంతెమ్మ కోరిక కోరడం కాదు. సిస్టర్లు హడావుడిలో ఉన్నప్పుడు కాకుండా కాస్త తీరిక చూసుకుని "నేను చేతులు కడుక్కుని వస్తా, పట్టుకోవడం నేర్పిస్తారా" అని అడగండి.

డిశ్చార్జ్ అయ్యేటప్పటికి 1,900 గ్రాములు. నెలలు తక్కువ పుట్టినా టీకాలు మాత్రం పుట్టిన తేదీ లెక్కనే, ఆరు వారాలకి పెంటావాలెంట్ అవీ ఉంటాయి. బుధవారం మా దగ్గర హెల్త్ సెంటర్‌కి తీసుకెళ్లా. ముందు నోటి చుక్కలు వేశారు. తర్వాత ఏఎన్ఎమ్ మంచం మీద పడుకోబెట్టమంది, నేను ఒళ్లో పెట్టుకుని పాలిస్తా, మీరు తొడకి వెయ్యండి అన్నా. "అట్టా ఇస్తే పొరపోద్దమ్మా" అంది. పొరపోదు అక్కా, ఎన్‌ఐసీయూలో ఇట్టాగే చేయించారు అని చెప్పి కుర్చీలో కూర్చుని పాలు పట్టా, పాప బాగా గుటకలు వేస్తున్నప్పుడు కళ్లతో సైగ చేశా. సూది దిగినప్పుడు నోరు వదిలి ఒక అరుపు అరిచింది, సూది బయటికొచ్చేలోపే మళ్లీ అందుకుంది. ఏఎన్ఎమ్ ఏమనలేదు, కార్డు మీద తేదీ రాసిచ్చి నెక్స్ట్ అని పిలిచింది.

10 వారాలవి, 14 వారాలవి కూడా ఇట్టాగే అయిపోయినై, కంటి డాక్టరు రక్తనాళాలు పూర్తిగా వచ్చేశాయని చెప్పారు, ఇంక ఏడాదికి కళ్లజోడు అవసరముందేమో చూద్దామన్నారు. తొమ్మిది నెలల టీకా దగ్గర పడుతోంది. ఇప్పుడు పాపకి మనుషులు తెలుస్తున్నారు, తెల్లకోటు చూస్తే మూతి విరుస్తోంది, పాలు ఒక్కటే సరిపోయేట్టు లేవు. గట్టిగా మోగే గిలక్కాయ ఒకటి కొనుక్కురమ్మని మా ఆయనకి చెప్పా, ఇంకా తేలేదు.